నూనె గొట్టంలో వెంట్రుకలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి ఏమో గాని, ఆ సున్నపురాయి క్వారీలో పొద్దు నడినెత్తికి వచ్చాక పానా పట్టుకుంటే అరచేతి తోలు ఇనుముకే అంటుకొనేట్టుంది. ఫిట్టర్ సిద్దిరాములు పానాకు తడిగుడ్డ చుట్టి, వెల్లకిలా పడుకొని, నాలుగో నంబరు డంపర్ కిందికి జరిగాడు. పక్కన గోనెసంచి మీద నాగపూర్ నుంచి తెప్పించిన కూలర్ ఉంది. చూడటానికి చిన్న రేడియేటర్‌లాగే ఉంటుంది. దిండంత పొడుగు, సన్నటి అల్యూమినియం రేకులు, రెండు కొసలకు రెండు మూతులు. గేరుబాక్సులో కాగిన నూనె ఒక మూతిలోంచి పోయి, గాలికి చల్లారి, రెండో మూతిలోంచి తిరిగి రావాలి. ఇంతే దాని సంసారం.

లారీకి ఈ తంటా లేదు. లారీ డ్రైవరు కాలితో క్లచ్చి తొక్కి, చేత్తో గేరు మారుస్తాడు. ఈ డంపర్‌కు క్లచ్చి లేదు. ఇంజను బలాన్ని చక్రాల దాకా మోసుకుపోయేది నూనే. ఆ నూనె కాగి కాగి నీళ్లయిందంటే ఇంజను ఎంత మొత్తుకున్నా చక్రం కదలదు. ఎత్తు మీద ఉంటే బండి వెనక్కి వస్తుంది. మూడు వారాల కింద డ్రైవరు రాయమల్లు చేతిలో వచ్చినట్టే.

రాయమల్లు నిండు లోడుతో భూమవ్వ మూల అనే మలుపు కాడికి ఎక్కాడు. బండి అక్కడ ఆగింది. వెనక్కి జారింది. బ్రేకు ఒక్కటే అంత బరువును పట్టలేకపోయింది. అంచు దాటి పక్కకు పడ్డ క్యాబిన్‌ను సుత్తెలతో కొట్టి సాపు చేసి, పసుపురంగు పూసి, మళ్లీ నిలబెట్టారు. సీటు మాత్రం పాతదే. కడిగారు. ఆ కడిగిన సీటు మీద కూర్చోవడానికి ఒప్పుకున్న ఒక్క మగాడు ముత్యం, వాడు కూడా స్టీరింగుకు నిమ్మకాయలు కట్టుకున్నాకే ఎక్కాడు.

"సిద్దన్నా," అన్నాడు ముత్యం, డంపర్ కిందికి తల వంచి. "పొద్దుగాల ఇంజను షురూ చెయ్యకముందే వేడి సూపెట్టే సూదిముల్లు ఎర్రల ఉన్నదే. సల్లటి బండికి గంత వేడి యాడికెళ్లొచ్చింది?"

"వైరు ఎండకు కరిగి యాడనో అంటుకుంటుంది. సూస్త తీయి."

"రోజూ గట్లనేనా?"

సిద్దిరాములు పానాకు చుట్టిన తడిగుడ్డ మళ్లీ బిగించాడు. పొద్దున వైర్లన్నీ వాడే తడిమి చూశాడు. ఎక్కడా అంటుకోలేదు.

కొంచెం ఎడంగా గొడుగు నీడలో మున్షీ హనుమండ్లు నిలబడ్డాడు. క్వారీ కంట్రాక్టరు చొక్కారావు దొర కళ్లూ చెవులూ ఆయనే, అప్పుడప్పుడు నోరు కూడా. "ఐతారం నాటికి బండ్లన్ని సీదా తొవ్వల ఎక్కాలె," అన్నాడు. "దొర జబాన్ ఇచ్చిండు సిమెంటు ఫ్యాక్టరోళ్లకు."

సీదా తొవ్వ అంటే ముసలి భూమవ్వ మెట్ట చెల్కలోంచి పోయే దారి. క్వారీ అడుగు నుంచి రాయి పగలగొట్టే మర దాకా అదే దగ్గర. నిరుడు ఎండాకాలం ఆమె చెల్కలో సగం ఆ తొవ్వ కిందికి పోయింది. అడిగిన వాళ్లు లేరు, ఇచ్చిన వాళ్లు లేరు. ఒకనాడు పొద్దున లేచేసరికి బుల్డోజరు వచ్చి ఉంది. మిగిలిన సగంలో ఆమె గుడిసె ఉంది, ఆమె మొగుడిని, బిడ్డను పాతిపెట్టిన రెండు మట్టిదిబ్బలున్నాయి. మలుపు సాపు చేయాలంటే ఆ దిబ్బలు కూడా పోవాలి. చైత్రంలో కొలతల టేపు పట్టుకొని వచ్చినప్పుడు భూమవ్వ దోసెడు మట్టి తీసి డంపర్ ముందర చల్లింది. "గీ తొవ్వల ఎక్కినోడు దిగడు," అంది. నెల తిరక్కుండానే రాయమల్లు ఎక్కాడు, దిగలేదు. అప్పటినుంచి డ్రైవర్లు ఎవరూ చెప్పకుండానే పాత చుట్టుతొవ్వ పట్టారు. ఒక్కో ట్రిప్పుకు అరగంట ఎక్కువ.

సిద్దిరాములు గేరుబాక్సు నుంచి వచ్చే పాత గొట్టం బిగింపు వదులు చేశాడు. నల్లటి నూనె బొట్టుబొట్టుగా డబ్బాలోకి కారింది. మాడిన వాసన గుప్పుమంది. కొత్త నూనె పోసి వారం కాలేదు, అప్పుడే మాడింది. గొట్టం ఊడదీసి లోపల ఏదైనా అడ్డం పడిందా అని చిటికెన వేలు పెట్టాడు. వేలికి మెత్తగా ఏదో తగిలింది.

పట్టి లాగాడు. వచ్చింది. ఇంకా లాగాడు, ఇంకా వచ్చింది. నల్లగా, సన్నగా, తడిగా, పోగులు పోగులుగా. జానెడు, మూరెడు. ఆగుతుందనుకున్న చోట ఆగకుండా వస్తూనే ఉంది. ఆ చీకటి తొర్రలోంచి ఎవరిదో జడ ఊడి వస్తున్నట్టుంది. అంత ఎండలోనూ సిద్దిరాములు మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఎంటికలు," అన్నాడు ముత్యం. గట్టిగా అనలేదు. గట్టిగా అరిచినా బాగుండేది.

తిండి డబ్బాలు విప్పుకుంటున్న కూలీలు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఎవరూ దగ్గరికి రాలేదు. గుండ్రంగా నిలబడ్డారు. "ముసల్దాని ఎంటికలే," అని ఎవరో అన్నారు. "బండి కడుపుల వెట్టింది." హనుమండ్లు గొడుగు పక్కన పెట్టి, జేబులోంచి పాత పేపరు ముక్క తీసి పరిచాడు. "గిండ్ల ఎయ్యి," అన్నాడు.

పేపరులో వేసేలోపు సిద్దిరాములు రెండు వేళ్ల నడుమ ఆ పోగును ఒక్కసారి నలిపాడు. కావాలని కాదు, వేళ్లకు అలవాటు. సిరిసిల్లలో మగ్గం పక్కన పుట్టి, పాతికేళ్లు వచ్చేదాకా మగ్గం మీదనే బతికిన వేళ్లు అవి. కళ్లు మూసుకొని నలిపినా ఏ నంబరు నూలో చెబుతాయి. ఇది వెంట్రుక కాదు. నలభై నంబరు పత్తినూలు. ఇంకా చెప్పాలంటే, వాడి సొంత సంచిలోని కండె నుంచి వచ్చినదే.

ఉగాది ముందు ఇదే గొట్టం కారుతోందని వాడే బిగించాడు. గొట్టం మూతి మరలకు సఫేదా అనే తెల్లటి ముద్ద రాసి, దాని మీద రెండు చుట్లు నూలు చుట్టి బిగిస్తే కారడం ఆగుతుంది. అందరు ఫిట్టర్లూ చేసే పనే. కాని మగ్గం మీద పెరిగిన చెయ్యికి దారం దొరికితే రెండు చుట్లతో ఆగదు. ఎనిమిది చుట్టాడు. గొట్టం మూతి దాటి లోపలి దాకా చుట్టాడు. అందంగా, పోగు పక్కన పోగు. అంత బాగా చుట్టినందుకు ఆనాడు తనలో తనే మురిసిపోయాడు కూడా. ఆ నూలు మరల కింద తెగి, లోపలికి పోయి, నూనె తొవ్వకు అడ్డం పడింది. నూనె కాగింది.

రాయమల్లును చంపింది ఈ చెయ్యి.

"ఏందే, మొకం గట్ల వెట్టినవ్?" అన్నాడు హనుమండ్లు.

"ఏం లే," అన్నాడు సిద్దిరాములు. "ఎండ."

ఆ రెండు మాటలూ ఎంత సులువుగా వచ్చాయో వాడికే ఆశ్చర్యమేసింది. హనుమండ్లు పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పనంతా సిద్దిరాములు ఒక్కడే చేశాడు. సాయానికి ఎవరూ రాలేదు, వాడు పిలవనూ లేదు. పాత గొట్టాలలో డీజిలు పోసి, గాలి పట్టి, చివరి పోగు దాకా బయటికి రప్పించాడు. వచ్చిన పోగులన్నీ ఎవరూ చూడకుండా లాగు జేబులో కుక్కుకున్నాడు. రేడియేటర్ ముందర రెండు ఇనుప పట్టీలు బిగించి, అదురు తగలకుండా పాత టైరు ట్యూబు ముక్కలు కోసి మధ్యలో పెట్టి, కూలర్‌ను వాటి మీద కూర్చోబెట్టాడు. రేడియేటర్‌కూ దీనికీ మధ్య రెండు వేళ్ల సందు. గాలి ఆడాలి కదా. గొట్టాలు ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా తిప్పి తెచ్చాడు. మూతుల దగ్గర నూలు ముట్టలేదు, రాగి వాషర్లు వేసి బిగించాడు. ఆ వాషర్లు పెట్టెలో ఏడాదినుంచీ ఉన్నాయి. ఉగాది ముందు కూడా ఉన్నాయి. చెయ్యి అటు పోలేదు, అంతే. అతుకుల మీద సుద్దపొడి చల్లి, నూనె నింపి, ఇంజను పావుగంట నడిపించాడు. పొడి ఎక్కడా తడవలేదు.

సాయంత్రం కాకముందే ముత్యాన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్కన తానెక్కి, సగం లోడుతో సీదా తొవ్వ పట్టించాడు. తొవ్వ నిండా ఎండుటాకులు, ముళ్లకంప కొట్టుకొచ్చి పడ్డాయి. మూడు వారాలకే మనుషులు ఎన్నడూ రాని చోటులా తయారైంది. ముల్లు పచ్చలోనే ఉంది. క్వారీ అడుగు నుంచి మూల దాకా పది నిమిషాలు పడుతుంది. నూనె కాగి పట్టు వదలడానికి కూడా సరిగ్గా పది నిమిషాలే పట్టేదని సిద్దిరాములుకు అప్పుడు అర్థమైంది. బండి సరిగ్గా ఆ దిబ్బల పక్కనే జారడంలో మాయేమీ లేదు. లేదని తెలిసినా మూల దగ్గర పడుతుంటే ఒళ్లు చల్లబడింది.

"ఇగ ఆపు," అన్నాడు ముత్యం.

"ముల్లు సూడు, కదుల్తలేదు. ఇంకో వంద గజాలు ఎక్కితె అయిపాయె."

"నువ్వు ఎంతన్న జెప్పు సిద్దన్నా, నా కాలు తొక్కుతలేదు." నిజంగానే ముత్యం కుడికాలు వణుకుతోంది. హ్యాండ్‌బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు.

అంత పెద్ద చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి ఎక్కడలేని నిశ్శబ్దం వచ్చి మీద పడింది. గేరుబాక్సు చల్లారుతూ టక్కు, టక్కు అంటోంది. లోపల ఎవరో వేళ్లు విరుచుకుంటున్నట్టు. రెండు దిబ్బల నడుమ భూమవ్వ కూర్చొని ఉంది. ఎప్పటినుంచి కూర్చుందో, వాళ్లు చూడలేదు. చిన్న మనిషి, మట్టిరంగు చీర, చూపు కూడా సరిగా ఆనదు. డంపర్‌కేసి ముఖం పెట్టి, "సల్లవడ్డదా కొడుకా నీ బండి?" అంది.

కూలర్ సంగతి ఆమెకెవరు చెప్పారు? ముత్యం తలుపు తీసి దూకి, వెనక్కి చూడకుండా క్వారీలోకి పరుగెత్తాడు. సిద్దిరాములు ఒక్కడే బండిని వెనక్కి దించుకొచ్చాడు. అది దిగేదాకా భూమవ్వ అటే చూస్తూ కూర్చుంది.

ఆ పొద్దే హనుమండ్లు తీర్మానం చెప్పాడు. బండి బాగైంది, ఇక బాగు కావాల్సింది ముసల్ది. రేపు మిట్టమధ్యాహ్నం మూల కాడికి అందరూ రావాలి. వెంట్రుకలు ముందర పెట్టి అడుగుతారు. ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా పళ్లు పీకుతారు. పళ్లు ఊడితే మంత్రం నోట పారదు, ఇది ఆ తట్టు చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతే. ఆ తర్వాత ఆమె ఆ చెల్కలో ఎట్లా ఉంటుంది? గుడిసె దానంతట అదే పోతుంది. దిబ్బలు పోతాయి. తొవ్వ సాపవుతుంది.

"పోలీసులొస్తె?" అన్నాడు సిద్దిరాములు.

"నలుగురు గల్సి చేసినదానికి ఎవని పేరు రాస్తరు? నువ్వు పెద్ద పట్కారు తెచ్చుడు మర్వకు."

ఆ రాత్రి సిద్దిరాములు నిద్రపోయాడో లేదో గాని, తెల్లారాక పట్కారు మాత్రం సంచిలో పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ తనను తను తిట్టుకున్నాడు. అయినా పెట్టుకున్నాడు.

బుధవారం పన్నెండింటికి మూల దగ్గర నలభై మంది దాకా పోగయ్యారు. గాలి లేదు. నీడలు కాళ్ల కిందికి పోయి దాక్కున్నాయి. నాలుగో నంబరు డంపర్‌ను నిండు లోడుతో తెచ్చి ఎత్తు మీద నిలబెట్టారు, ముత్యం బ్రేకు తొక్కి కూర్చున్నాడు. ఇంజను గుడగుడమంటోంది. ఈసారి వాణ్ని ఎక్కించడానికి దొర స్వయంగా రావాల్సి వచ్చింది. చొక్కారావు కొంచెం దూరంగా జీపులోనే, తలుపు తెరిచి ఒక కాలు బయటపెట్టి కూర్చున్నాడు. ఏమీ అనడం లేదు, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

గుంపులో వెనక రాయమల్లు భార్య అనసూర్య నిలబడి ఉంది. ఎవరు పిలిచారో, వచ్చింది. ఏడవడం లేదు. చెంగు నోట్లో కుక్కుకొని భూమవ్వనే చూస్తోంది. సిద్దిరాములు ఆమెను చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

భూమవ్వను ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. ఆమే గుడిసెలోంచి నడిచి వచ్చి తొవ్వ మధ్యలో నిలబడింది.

హనుమండ్లు పేపరు విప్పాడు. "గివి ఎవలియి?"

భూమవ్వ వంగి, కళ్లు చికిలించి చూసింది. "ఏందది, జనుపా?"

"జనుపట జనుపు. బండి కడుపులకెళ్లి తీసినం. నీ ఎంటికలు గాదా?"

హనుమండ్లు చెయ్యి చాపాడు, సిద్దిరాములు వైపు. "పట్కారు ఇయ్యి."

సిద్దిరాములు సంచిలో చెయ్యి పెట్టాడు. పట్కారు వేడిగా చేతికి తగిలింది. ఎన్ని వేల నట్లు తిప్పిన పట్కారు అది. దాని పిడి మీద వాడి వేళ్ల గుర్తులు పడి ఉన్నాయి. ఇస్తే చాలు, తన పని అయిపోతుంది. మిగతాది నలుగురు చేస్తారు. తన దోషం ముసలమ్మ నోటితో పాటు మూసుకుపోతుంది. ఇస్తే చాలు. చెయ్యి సంచిలోంచి రాలేదు.

"ఇయ్యవేంది?"

"అవి ఎంటికలు గావు," అన్నాడు సిద్దిరాములు. వెనకవాళ్లకు వినబడేట్టు మళ్లీ అన్నాడు. "ఎంటికలు గావు. నూలు. నా నూలు."

పట్కారు వదిలేసి కండె తీశాడు. మూరెడు తెంపి, డంపర్ అడుగున చెమ్మగిల్లిన నల్లనూనెలో ముంచి, పేపరు మీద వాటి పక్కనే పెట్టాడు. ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. ఉగాది ముందు గొట్టం ఎట్లా కట్టాడో, నూలు ఎట్లా లోపలికి పోయిందో, నూనె ఎందుకు కాగిందో, మూల దగ్గరనే బండి ఎందుకు జారిందో, అన్నీ చెప్పాడు. లాగు జేబులోంచి నిన్నటి పోగులు కూడా తీసి వేశాడు. చెబుతున్నంతసేపూ నేలవైపే చూశాడు.

గుంపు కదిలింది. ముఖాలు వదులయ్యాయి. కొందరు ముందుకొచ్చి పేపరులోకి తొంగిచూశారు. ఒకడు వేలితో ముట్టి, "నూలే ఉన్నది," అన్నాడు. భయం పోతున్న చప్పుడు వినిపించినట్టే ఉంది. చొక్కారావు బయటపెట్టిన కాలు నేలమీద మోపి, జీపు దిగాడు. దొర ముఖంలో కోపం లేదు, ఊరట ఉంది. అది చూసి సిద్దిరాములుకు గుండె జారింది. ఎందుకో అప్పుడే తెలియలేదు.

"అయితె మంత్రం లేదు, తంత్రం లేదు," అన్నాడు చొక్కారావు. "సిద్దిరాములూ, నీ సంగతి తర్వాత సూస్త. ముత్యం, బండి ఎక్కియ్యి. హనుమండ్లూ, రేపు బుల్డోజర్ తెప్పియ్యి, గీ మూల సాపు చేద్దాం."

ఇది విని సిద్దిరాములు తలెత్తాడు. భూమవ్వ వాడికేసి చూస్తోంది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. ఎదుటివాడు తెలియక తన కుండ పగలగొడితే చూసే చూపు అది.

తర్వాత ఆమె నవ్వింది.

"పండ్లు పీకుతమంటిరి గదా," అంది. "రాండ్రి, పీకుండ్రి." నోరు తెరిచింది. చిగుళ్లు తప్ప ఏమీ లేవు. పై వరసలో లేదు, కింది వరసలో లేదు. పేరుకు ఒక్క పన్ను లేదు. అందరికీ కనబడేట్టు మెల్లగా ఇటు నుంచి అటు తిరిగింది. ఒక్కరూ నవ్వలేదు. పళ్లు ఊడితే మంత్రం పారదని అందరికీ తెలుసు. పళ్లు లేకుండానే పారే మంత్రానికి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

"వీడు అవద్ధం జెప్తలేడు," అంది సిద్దిరాములును చూపిస్తూ. "వీని నూలే. వీని చేతులే కట్టినయి. రెండు సుట్లు సుట్టెటోడు ఎనిమిది ఎందుకు సుట్టిండో అడుగుండ్రి. ఎందుకు సుట్టినవ్ కొడుకా?"

సిద్దిరాములు నోరు తెరిచాడు. అలవాటు అనాలి. మగ్గం అనాలి. ఆ ఎండలో, అంతమంది కళ్లముందు, ఆ రెండు మాటలకూ బలం చాలలేదు. నిజానికి ఎందుకు ఎనిమిది చుట్టాడు? వాడికి మాత్రం తెలుసా?

"నేను సుట్టుమన్న, సుట్టిండు," అంది భూమవ్వ. "రాయమల్లును నేనే దీస్కపోయిన. ఇంకెవలన్న ఉన్నరా?"

డంపర్ దగ్గరికి నడిచి, కాగుతున్న ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించింది. తీయలేదు. అప్పుడు బండి కదిలింది. అడుగు, అడుగున్నర వెనక్కి వచ్చి ఆగింది. ముత్యం కాలు బ్రేకు మీద వణికి జారి ఉంటుంది. సిద్దిరాములు ఆనాటినుంచి ఈనాటి దాకా అదే చెప్పుకుంటున్నాడు. కాని ముత్యం మాత్రం బ్రేకు నేలకంటా తొక్కే ఉన్నానని ఒట్టు వేస్తాడు.

గుంపు ఎటు పోయిందో తెలియదు. చెప్పులు మిగిలాయి, తిండి డబ్బా ఒకటి బోర్లాపడి మిగిలింది. చొక్కారావు జీపు తలుపు వేసుకొని, అద్దం ఎత్తించుకొని, ఆ అద్దం వెనకనుంచే ఏదో అన్నాడు. హనుమండ్లు పరుగున వచ్చి అదే చెప్పాడు. "పాత తొవ్వల్నె నడ్వనీ అంటుండు దొర. బుల్డోజర్ వద్దంట."

అనసూర్య ఒక్కతే మిగిలింది. ఆమె భూమవ్వ ఎదుటికి పోయి, రెండు చేతులా మట్టి తీసి ముసలామె ముఖాన కొట్టి, వెళ్లిపోయింది. భూమవ్వ తుడుచుకోలేదు.

గురువారం పొద్దున సిద్దిరాములు చెల్కకు వెళ్లాడు. భూమవ్వ కుండలోంచి దిబ్బల మీద నీళ్లు చల్లుతోంది. అరచేతికి ఆకుపసరు కట్టుకొని ఉంది. బాగానే కాలింది మరి.

"ఎందుకవ్వా గట్లంటివి?" అన్నాడు.

"నువ్వు ఎందుకంటివి?"

"నిన్ను కొడ్తరని."

"కొడ్తె గీ ఒక్క పానం పోవు. నువ్వు నిజం జెప్పంగనే ఏమాయె, సూడలేదా? బుల్డోజర్ అన్నడు." ఆమె కుండ కింద పెట్టింది. "నేను ఎవలకు ఏం జెయ్యలే బిడ్డా. మట్టి సల్లిన్నాడు గుడ కోపంల సల్లిన. గా పిలగాడు సచ్చిండని ఇని మూడొద్దులు అన్నం తినలే. కని గప్పటికెళ్లి గీ తొవ్వల ఒక్క బండి రాలే. కాయితం పట్టుకోని ఎంతమంది సుట్టు తిరిగిన, ఎవ్వడు ఆగలే. గీ భయం ఆపింది. నాకున్నది గదొక్కటే. దాన్ని నువ్వు తీసేస్తివి."

"రాయమల్లు పాపం నీ మీద పడె గదా."

"పడనియ్యి. ఎన్నొద్దులు మోస్త, ఎండకాలం ఎల్లిపోతె నేను గుడ ఎల్లిపోత." కుండ మళ్లీ చేతికి తీసుకుంది. "కని వాని పెండ్లాం నిన్న నా మొకంల సూసిన సూపు నాకు వద్దు. నాకు భయపడెటోళ్లు గావాలె గని, నన్ను జూసి కడుపు మండెటోళ్లు వద్దు. ఆమెకు ఒక్కదానికి నిజం జెప్పు. ఇంకెవలకు జెప్పకు. జెప్పినా ఎవలు నమ్మరు తీయి."

అది నిజమే. పొద్దున టీ కొట్టు దగ్గర సిద్దిరాములు మళ్లీ చెప్పబోతే, పాపం, వాడికి పట్టిన మంత్రం ఇంకా దిగలేదని వాళ్లు జాలిపడ్డారు. ఒకడు వాడి మెడకు తాయెత్తు కట్టాడు. దొర నౌకరీ తీయలేదు సరికదా, మిగతా మూడు బండ్లకూ కూలర్లు తెప్పిస్తానన్నాడు. తప్పు చేసిన మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందని సిద్దిరాములు ఎన్నడూ అనుకోలేదు.

అనసూర్య ఇల్లు క్వారీ కూలీల లైనులో చివరది. వాడు పోయేసరికి వాకిట్లో కూర్చొని బియ్యం చెరుగుతోంది. సిద్దిరాములు కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు. నూలు సంగతి చెప్పాడు. ఎనిమిది చుట్లు చెప్పాడు. సోమవారం నాడు వేళ్లకు తెలిసీ ఊరుకున్న సంగతి చెప్పాడు. భూమవ్వ ఎందుకు మీద వేసుకుందో చెప్పాడు. చేట ఆగింది. ఆమె తలెత్తలేదు.

"ఇంకొకటి ఉన్నది చెల్లె," అన్నాడు. ఇది ఎవరికీ చెప్పని మాట. "సచ్చిపోయే మూడొద్దుల ముందు రాయమల్లు నా తానకు వచ్చిండు. సిద్దన్నా, బండ్లకెళ్లి మాడు వాసనొస్తుంది, మూల కాడ సోలుతుంది, ఒక్కపాలి ఇప్పి సూడన్నడు. నీ పెండ్లాం కూర మాడవెట్టి పంపినట్టున్నది, డబ్బ మూత తీసి సూస్కో అని నేనన్న. అందరు నవ్విండ్రు. ఆయన గుడ నవ్విండు."

పక్కన ఎవరి ఇంట్లోనో రేడియో మోగుతోంది.

"నేను ఎన్నడు మాడవెట్టలే," అంది అనసూర్య.

"ఎర్కనే."

ఆమె లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి వాడి ముందర పెట్టింది. ఇంటికి వచ్చినవాడికి నీళ్లివ్వడం అలవాటు, అంతే. వాడు తాగలేదు. "పోయి ఊరి పటేల్ల ముందట జెప్పు, నేను ఒప్పుకుంట," అన్నాడు. "పోలీసులకు జెప్పు."

"జెప్తె ముసల్దాని చెల్క పోతది." చీర కొంగుతో ముఖం తుడుచుకొని మళ్లీ చేట అందుకుంది. "నువ్వు రేపు రా అన్నా. ఎల్లుండి రా. రోజూ పనికి పొయ్యేటప్పుడు గీడ నిలవడి గీ మాటంత నాకు జెప్పి పో. ఊరంత ఒక తీరు అంటుంటె నేను గుడ గదే నమ్ముతనేమో. ఆయన ఎట్ల పోయిండో మర్సిపోతనేమో. నువ్వు జెప్పు."

"ఎన్నొద్దులు?"

అనసూర్య చేటలో బియ్యం ఎగరేసింది.

శుక్రవారం పొద్దున సిద్దిరాములు సంచి భుజాన వేసుకొని ఆ వాకిట్లో నిలబడ్డాడు. పక్కింటి వాళ్లు తలుపులు దగ్గరగా వేసుకున్నారు, మంత్రం పట్టిన మనిషి కదా. వాడు మొదటినుంచి చెప్పాడు. ఉగాది, గొట్టం, సఫేదా, ఎనిమిది చుట్లు. రాయమల్లు వచ్చి మాడు వాసన వస్తోందన్నాడని, తాను విప్పి చూడలేదని చెప్పాడు. అంతా అయ్యాక సంచి సర్దుకొని వెనుదిరిగాడు.

"అన్నా," అంది అనసూర్య, చేటలోంచి రాళ్లు ఏరుతూ. "నవ్విన మాట ఇడ్సిపెట్టినవ్."

వాడు సంచి దించి, మళ్లీ మొదలుపెట్టాడు.